ముఖం కనిపించే డొప్పలు

మా జిల్లా రైఫిల్ క్లబ్బులో రెండువందల పన్నెండు మంది సభ్యులున్నారు. వాళ్లలో రైఫిలు కాల్చేది ఒక్కరు. మిగతావాళ్లం సాయంత్రం షటిల్ ఆడేవాళ్లం, ఆడేవాళ్లను చూసేవాళ్లం, టీ బాగాలేదని చెప్పేవాళ్లం. క్లబ్బన్నాక అన్నిరకాలూ ఉండాలి. నేను జిల్లా విద్యాశాఖ కార్యాలయంలో సూపరింటెండెంటుగా రిటైరై ఇక్కడ గౌరవ కార్యదర్శినయ్యాను. తుపాకీ పేలితే చెవులు మూసుకుంటాను. పదవికి అది అడ్డమని ఎవరూ అనలేదు.

కాల్చే ఆ ఒక్కరి పేరు చౌడేశ్వరి. హోంగార్డు. వాళ్ల నాన్న వేరుశనగ మిల్లులో బస్తాలు మోస్తాడు. రాష్ట్ర జట్టులోకి ఎంపికైతే ఆమెకు కానిస్టేబులు ఉద్యోగం వస్తుంది. వయసు పరిమితి ప్రకారం ఈ ఏడాదే ఆఖరు. ఎంపిక పోటీకి నెలరోజులుంది. అక్కడ అరవై తూటాలు కాల్చాలి.

పెద్ద రైఫిలుకు కొత్త తూటాలు మా ఊరికి రావడమంటే మా జిల్లాకు వాన రావడమే. అందుకని కాల్చిన తూటాలో మిగిలే ఇత్తడి గొట్టాన్ని పారేయకుండా, అందులోనే మళ్లీ మందు కూరి, కొత్త గుండు బిగించి వాడతారు. ఆ గొట్టాన్ని మా క్లబ్బులో డొప్ప అంటారు. పేలిన ప్రతిసారీ డొప్ప రవ్వంత సాగుతుంది. సాగిసాగి, అడుగుకు కొంచెం పైన, లోపలివైపు సన్నగా గాడి పడుతుంది. గాడి పడ్డదాన్ని ఇంకోసారి కాలిస్తే రెండు ముక్కలవుతుంది. ముందుముక్క తుపాకీలో ఇరుక్కుంటుంది. మంట వెనక్కొచ్చి కాల్చినవాళ్ల ముఖానికి తగులుతుంది.

మరి ఏ డొప్పను ఎప్పుడు పక్కన పెట్టాలన్నది ఎవరు చెప్పాలి? ముప్పై ఒక్క ఏళ్లుగా దస్తగిరి చెబుతున్నాడు. దస్తగిరి మా ఆయుధాల మెకానిక్కు. కొన వంచిన పిన్నీసును డొప్పలోకి దూర్చి, కళ్లు మూసుకుని, అడుగునుంచి పైకి గీస్తాడు. పిన్నీసు ఎక్కడా తట్టకపోతే వాడే డబ్బాలో వేస్తాడు. తట్టుకుంటే పారేసే డబ్బాలో వేస్తాడు. వాడేవాటి మూతులు బిరుసెక్కి చీలకుండా అప్పుడప్పుడూ వాటిని మంటమీద కాచి మెత్తబరుస్తాడు. అందువల్ల వాటి మూతుల చుట్టూ నీలంగా, నల్లగా పట్టీ పడుతుంది. ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరి ముఖమూ కాలలేదు కాబట్టి, ఇలాంటి పని ఒకటి జరుగుతోందని కార్యవర్గానికి తెలియదు.

తెలిసింది పరిశీలకుడి వల్ల.

పారేసే డబ్బాలో చేరినవాటిని ఏడాదికోసారి, ఆయుధపూజకు ముందు, సుత్తితో చదును చేయడం దస్తగిరి అలవాటు. ఈసారి ఆ పనికి నెల ముందే రాష్ట్ర సంఘం పరిశీలకుడు వచ్చి, రెండు డబ్బాలూ బల్లమీద కుమ్మరించమన్నాడు. వాడే డబ్బాలో నూట పన్నెండు డొప్పలు, అన్నీ నల్ల మూతులవి. పారేసే డబ్బాలో నూట ఎనభై ఎనిమిది, పసుపుపచ్చగా, పెళ్లికూతుళ్లలాగా.

"మెరిసేవి పారేస్తున్నారు, మాడినవి వాడుతున్నారు. దీన్ని నిర్ణయించే అధికారి ఎవరు?" అన్నాడు పరిశీలకుడు.

"నేనే సార్," అన్నాడు దస్తగిరి.

"ఏ ప్రాతిపదికన?"

దస్తగిరి చొక్కా జేబుకు గుచ్చుకున్న పిన్నీసు తీసి చూపించాడు.

పరిశీలకుడు టీ తాగి, బాగాలేదని చెప్పి వెళ్లిపోయాడు. పదిరోజులకు నివేదిక వచ్చింది. అందులో ఒకే ఒక వాక్యం కింద ఎర్రగీత ఉంది: "సదరు క్లబ్బునందు తూటాల యోగ్యత పిన్నీసుపై ఆధారపడియున్నది."

మా అధ్యక్షులు రంగనాయకులు గారు నీటిపారుదల శాఖలో సూపరింటెండింగ్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. నీళ్లు రాని కాలువలను ముప్పై ఏళ్లు పర్యవేక్షించారు. వారి హయాంలో ఒక్క కాలువకూ గండి పడలేదు. అంతటి మనిషిని ఆ ఎర్రగీత కలచివేసింది. మర్నాడే అత్యవసర సమావేశం పెట్టారు.

"పిన్నీసు అనే మాట మన రికార్డుల్లో ఇకమీదట ఎంతమాత్రమూ కనిపించకూడదు," అన్నారు. "దీనికి శాస్త్రీయమైనట్టిదీ, పారదర్శకమైనట్టిదీ అగు ఒక విధానం కావాలి. ఆలోచించండి. ఇత్తడి మనకు కొత్తా? మన ఇళ్లల్లో తరతరాలుగా ఇత్తడి మంచిచెడ్డలు ఎట్లా తేలుస్తున్నాం?"

"తోమి చూస్తాం," అన్నాడు ఉపాధ్యక్షుడు గంగిరెడ్డి. ఆయన రిటైరైన పశువుల డాక్టరు.

"అదీ. తోమి చూస్తాం. మన ముఖం మనకు కనిపిస్తే మంచి ఇత్తడి. కనిపించకపోతే కాదు. ఇంతకు మించిన పరీక్ష ఏ దేశంలోనైనా ఉందా?"

ఏ దేశంలోనూ లేదని కార్యవర్గం ఏకగ్రీవంగా ఒప్పుకుంది. తోమిన డొప్పలో ముఖం కనిపిస్తే యోగ్యం, కనిపించకపోయినా మచ్చ ఉన్నా అయోగ్యం అని నియమం రాశాం. దాని పేరు ప్రతిబింబ పరీక్ష. చూసేవాళ్లు కళ్లజోడు పెట్టుకుని చూడాలా తీసేసి చూడాలా అన్నదాని మీద నలభై నిమిషాలు చర్చ జరిగింది. చివరికి ఎవరి కళ్లజోడు వాళ్లే వాడాలని తీర్మానించాం.

గంగిరెడ్డి ఒక డొప్పను వెలుతురులో పట్టుకుని చూసి, "ఏమప్పా, ఇది గుండ్రంగా ఉండాది గదా. దీంట్లో ఎవరి ముఖమైనా గుర్రం ముఖం మాదిరే కనపడతాది. నేను నలభై ఏండ్లు చూసిన ముఖాలే," అన్నాడు.

"ముఖం ఎవరిదన్నది నియమంలో లేదు," అన్నారు అధ్యక్షులు. "ముఖమైతే చాలు."

దస్తగిరిని పిలిచి నియమం చదివి వినిపించాను. అతను ఓపిగ్గా చివరిదాకా విన్నాడు.

"సార్, చెడ్డది లోపల ఉండాది. మీరు బయట చూస్తాండారు."

"ఈ నల్లమచ్చలు మీకు బయట కూడా కనిపించలేదా?" అన్నారు అధ్యక్షులు.

"అవి నేను కాచిన మచ్చలు సార్. కాస్తే మెత్తబడతాది. మెత్తబడితే మూతి చీలదు."

"మాడిన గిన్నెను పండగపూట మీ ఇంట్లో బయటికి తీస్తారా, దస్తగిరీ?"

"పండక్కి తియ్యను సార్. దీన్ని పెట్టేది తుపాకీలో గదా."

అధ్యక్షులు నావైపు చూసి, "ధిక్కార స్వరం. రాసుకోండి," అన్నారు. రాసుకున్నాను. పిన్నీసును స్వాధీనం చేసుకుని, కవర్లో పెట్టి, సీలు వేసి బీరువాలో దాచాం.

ఆదివారం తోముడు కార్యక్రమం. రెండు కిలోల చింతపండు, ముగ్గుపిండి, కొబ్బరిపీచు తెప్పించాం. నిపుణురాలిగా అధ్యక్షులవారి సతీమణి విశాలాక్షమ్మ గారిని నియమించాం. మా కాలనీలో ఆమె ఇంటి ఇత్తడి ముందు నిలబడి తలదువ్వుకున్న అతిథులున్నారు. ఆమె ఒక మెరిసే డొప్పను తోమి, తుడిచి, గోటితో టక్కుమని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుంది.

"ఇది పలకడంల్యా," అంది.

"పలకడమేమిటి?" అన్నారు అధ్యక్షులు.

"మంచి ఇత్తడైతే కంగుమంటాది. ఇది మట్టి పిడతలాగా అంటోంది. లోపల యాడో బీట ఉండాది. బిందెలు కొనేటప్పుడు చూడనా నేను?" అని, ఒక నల్లమూతి డొప్పను కూడా గోటితో కొట్టింది. అది సన్నగా, చాలాసేపు పలికింది. "ఇదిగో, ఇది బంగారం. ఆ పిల్లకు ఇట్లాంటివి ఇయ్యండి."

"విశాలాక్షీ, మిమ్మల్ని నియమించింది మెరుపు వరకే. శబ్దం మీ పరిధిలోకి రాదు," అన్నారు అధ్యక్షులు. ఇంట్లో ఆమెను నువ్వంటారు. అది అధికారిక కార్యక్రమం.

ఆమె చేతులు కడుక్కుని ఇంటికి వెళ్లిపోయింది. ఆ రోజు అధ్యక్షులవారి భోజనం క్లబ్బు క్యాంటీనులో జరిగింది.

సాయంత్రానికి లెక్క తేలింది. పారేసే డబ్బాలోని నూట ఎనభై ఎనిమిదిలోనూ ముఖం కనిపించింది కాబట్టి అవి యోగ్యం. వాడే డబ్బాలోని నూట పన్నెండుకూ ఎంత తోమినా పోని మచ్చలున్నాయి కాబట్టి అవి అయోగ్యం. అంటే దస్తగిరి పక్కన పెట్టినవన్నీ మళ్లీ కొలువులో చేరాయి. ఏరి ఏరి ఉంచుకున్నవన్నీ కొలువు పోగొట్టుకున్నాయి. పరిశీలకుడు చెప్పిందాంట్లో ఒక్క అక్షరం తప్పు పోలేదని అధ్యక్షులు సంతోషించారు.

బుధవారం సాధనకు చౌడేశ్వరికి మెరిసే డొప్పలతో కట్టిన తూటాలే ఇచ్చాం. వాటిని కట్టింది దస్తగిరే. ఆమె పడుకుని గురిచూస్తుంటే వెనకనుంచి, "పాపా, కళ్లద్దాలు పెట్టుకో. చెంప రవ్వ దూరంగా పెట్టు," అన్నాడు.

"దూరం పెడితే గురి ఎట్ల వస్తాది మామా?"

"గురి పోతే పోనీలే. కన్ను ఉంటే మళ్లా చూసుకోవచ్చు."

మొదటిది పేలింది. రెండోది పేలింది. మూడోదానికి శబ్దం వేరేగా వచ్చింది. తుపాకీ వెనకనుంచి పొగ చిమ్మింది. చౌడేశ్వరి ముఖం పక్కకు తిప్పుకుని కాసేపు అట్లాగే పడుకుంది. లేచాక చూస్తే కుడిచెంప మీద రూపాయంత మేర ఎర్రగా కమిలింది. కళ్లద్దాల గాజు మీద మసి. దస్తగిరి తడిగుడ్డ తెచ్చి ఆమె చేతికిచ్చి, తుపాకీలో ఇరుక్కున్న ముందుముక్కను లాగడానికి కూర్చున్నాడు. నేను చెవుల మీదనుంచి చేతులు తీయడం మరిచిపోయాను.

గురువారం విచారణ. బల్లమీద డొప్ప వెనకభాగం ఉంది. అంటే సగం. అధ్యక్షులు దాన్ని కళ్లజోడు పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇందులో నా ముఖం కనిపిస్తోంది," అన్నారు.

గంగిరెడ్డి తీసుకుని చూశాడు. "నాకూ కనపడతాంది."

నాక్కూడా కనిపించింది. నియమం ప్రకారం ముఖం కనిపిస్తే యోగ్యం. డొప్ప పూర్తిగా ఉండాలని నియమంలో ఎక్కడా లేదు. లాగేటప్పుడు నలిగిన ముందుముక్కలో మాత్రం ఏ ముఖమూ కనిపించలేదు కనుక దాన్ని అయోగ్యంగా తీసేశాం. స్టాకు రిజిస్టరులో యోగ్యమైన డొప్పలు నూట ఎనభై ఏడున్నర అని రాశాను. చౌడేశ్వరి చెంప విషయం ఇత్తడికి సంబంధించింది కాదు కాబట్టి దాన్ని విడిగా పరిశీలించాలని తీర్మానించాం.

శుక్రవారం పొద్దున్నే ఆమె మా ఇంటికి వచ్చింది. చెంపమీద ఏదో పచ్చటి మందు రాసుకుంది. లోపలికి రమ్మన్నా రాలేదు. మెట్లమీదే నిలబడింది.

"సార్, ఒకటి అడుగుతా, తిట్టకండి. ఆ నల్లవి నాకియ్యండి సార్."

"అవి అయోగ్యమమ్మా."

"తెలుసు సార్. పారేసేవే గదా. చెత్తకుండీలో ఏసేవి నాకేస్తే క్లబ్బుకేం నష్టం?"

"అయోగ్యమైనవి సభ్యులకు ఇవ్వకూడదని నాలుగో నియమం."

"యోగ్యమైనవాటితో ఒకసారి చూసినా గదా సార్." చెంప వైపు చేయెత్తి, తాకకుండానే దించేసింది. "అరవై కాల్చల్ల. మూడోదానికే ఇట్లయింది. ఇంగ యాభై ఏడు ఎప్పుడు పేల్తాయో అని చూస్కుంటా పడుకుంటే గురి మీద బుద్ధి ఎట్ల నిలుస్తాది? ఇది పోతే నాకు మళ్లా ల్యా సార్. మా నాయన నడుము ఇంగ బస్తా ఎత్తల్యా."

నాలుగో నియమం రాసింది నేనే. అది ఇంత బాగా కుదిరిందని అప్పటిదాకా నాకు తెలియదు. చూద్దామమ్మా అన్నాను. ఉద్యోగంలో ఉన్న ముప్పై మూడేళ్లలో నేను ఎక్కువసార్లు అన్నమాట అదే.

అయోగ్యమైనవాటిని వారంలోగా ముగ్గురు సభ్యుల సమక్షంలో ధ్వంసం చేయాలన్నది ఐదో నియమం. ఆ ముగ్గురం నేను, గంగిరెడ్డి, ఇంకో సభ్యుడు. ఇంకో సభ్యుడు ముందురోజే ఖాళీ కాగితం మీద సంతకం పెట్టి తిరుపతిలో పెళ్లికి వెళ్లాడు. శనివారం మధ్యాహ్నం నూట పన్నెండు డొప్పలూ, ఒక సుత్తీ, మేమిద్దరం. గంగిరెడ్డి మొదటి డొప్పను నిలబెట్టి కొట్టాడు. దెబ్బ బొటనవేలికి తగిలింది. డొప్ప దొర్లుకుంటూ వెళ్లి దస్తగిరి కాళ్ల దగ్గర ఆగింది.

"నలభై ఏండ్లు ఎద్దులకు సూదులేసినా. ఒక్కటి తన్నలేదప్పా నన్ను," అన్నాడు గంగిరెడ్డి, వేలు నోట్లో పెట్టుకుని. "నూటపన్నెండు కొట్టేలోపల నా చెయ్యి ఉండదు. రాసేయప్పా, అయిపోయిందని."

ఎండ మండిపోతోంది. నేను ఇదివరకే సంతకం ఉన్న కాగితం తీసి, "నూట పన్నెండు డొప్పలు మా సమక్షంలో ధ్వంసం చేయడమైనది" అని రాశాను. ఇంకా వివరంగా రాసేవాణ్ణే. గంగిరెడ్డికి కట్టు కట్టించాల్సి ఉంది.

దస్తగిరి కాళ్ల దగ్గరున్న డొప్పను తీసి, చొక్కాకు తుడిచి, డబ్బాలో వేశాడు. "సార్, ఇప్పుడు ఇవి ల్యావు గదా?"

"లేవు."

"లేనిదాన్ని నేను యాడికి తీస్కపోయినా ఎవరికీ ఏమీ కాదు గదా?"

దీనికి నియమాల్లో జవాబు లేదు. నేను గంగిరెడ్డిని తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్లిపోయాను.

పోటీకి చౌడేశ్వరి వెళ్లింది. అరవై కాల్చింది. రెండో స్థానంలో వచ్చింది. ఫోను వచ్చినప్పుడు అధ్యక్షులు షటిల్ కోర్టు మధ్యలో నిలబడి, ఇది ప్రతిబింబ పరీక్ష సాధించిన విజయమని ప్రకటించారు. ఈ విధానాన్ని రాష్ట్రమంతటా అమలు చేయాలని లేఖ తయారు చేయమన్నారు.

ఆ లేఖ తయారు కాకముందే అటునుంచి లేఖ వచ్చింది. పాత పరిశీలకుడే పోటీ దగ్గరా ఉన్నాడట. "మీ సభ్యురాలు నల్లమూతి డొప్పలు వాడుట గమనించడమైనది. మీరు పంపిన పత్రము ప్రకారము అట్టివి ధ్వంసమైయున్నవి. వారము దినములలో వివరణ పంపవలెను. అంతవరకు సదరు అభ్యర్థి ఎంపిక నిలిపివేయడమైనది."

సమావేశంలో ఆ రోజు ఎవరూ టీ గురించి మాట్లాడలేదు. ఆమె నల్లవాటితో కాల్చిందని రాస్తే మా ముగ్గురి సంతకాలూ అబద్ధం. రాయకపోతే ఆమె ఉద్యోగం పోతుంది. అధ్యక్షులు దారి కనిపెట్టారు. చౌడేశ్వరినీ దస్తగిరినీ పిలిపించారు.

"అమ్మా, మీరు ఒక కాగితం రాసివ్వాలి. నేను యోగ్యమైన డొప్పలతోనే కాల్చితిని, మబ్బు పట్టియుండుట వలన అవి నల్లగా కనిపించియుండవచ్చును, అని. మీ ఎంపిక ఖాయం. మన విధానానికీ గౌరవం."

"మరి దస్తగిరి మామ?"

"మెరిసేవాటితో మీరు అరవై కాల్చి గెలిచినట్లు రుజువయ్యాక, అవి పనికిరావని వాదించిన ఉద్యోగిని కొనసాగించడం క్లబ్బుకు సాధ్యపడదు. వారికి శాలువా కప్పి పంపుతాం."

దస్తగిరి, "రాసియ్యి పాపా. నాదేముంది. ముప్పై ఒక్క ఏండ్లు చాలు," అన్నాడు.

చౌడేశ్వరి అతనివైపు చూడలేదు. "రాస్తాను సార్. కానీ పెద్దలు ఒకసారి నమ్మకంగా చూపిస్తే ధైర్యంగా రాస్తా. మెరిసే తూటా ఒకటి, నల్ల తూటా ఒకటి ఈడ పెట్టండి. అధ్యక్షులు సార్ ఒకటి తీసుకోండి, మిగిలింది నేను తీసుకుంటా. ఇద్దరం పోయి కాల్చి వద్దాం. మీరు ఏది తీసుకున్నా నాకు సరే."

"నేను కాల్చడమా? నాకు అలవాటు లేదు."

"మామ పట్టిస్తాడు సార్. మీరు వేలు కదిపితే చాలు. ముఖం మాత్రం దగ్గర పెట్టల్ల."

దస్తగిరి రెండు తూటాలు తెచ్చి బల్లమీద నిలబెట్టాడు. ఒకటి దీపంలా మెరుస్తోంది. దానిలో అధ్యక్షులవారి ముఖం నిలువునా స్పష్టంగా కనిపిస్తోంది. రెండోదాని మూతి చుట్టూ నల్ల పట్టీ. ఇరవై రెండుమంది కార్యవర్గ సభ్యులం కుర్చీలు ముందుకు జరుపుకున్నాం. చౌడేశ్వరి చెంపమీద మచ్చ ఇంకా మానలేదు. సరిగ్గా కిటికీ వెలుతురులో నిలబడింది.

అధ్యక్షులు చేయి చాపారు. మెరిసేదాని దగ్గర ఆ చేయి ఆగింది. అక్కడే కొంచెంసేపు ఉంది. తర్వాత దాన్ని దాటిపోయి నల్లదాన్ని తీసుకుంది.

గంగిరెడ్డి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఆడపిల్లకు మంచిది వదలడం మన సంప్రదాయం," అన్నారు అధ్యక్షులు.

"శానా పెద్ద మనసు సార్ మీది," అంది చౌడేశ్వరి. మెరిసే తూటాను తీసుకుని గుప్పిట్లో పెట్టుకుంది. "పదండి మరి."

అధ్యక్షులు లేవలేదు. నల్ల తూటా వారి చేతిలో ఉంది. మెరిసేది ఆమె చేతిలో ఉంది. ఆమె నిజంగానే కాలుస్తుందని అందరికీ తెలిసింది. దస్తగిరి రెండడుగులు ముందుకు వచ్చి, ఆమెకూ తలుపుకూ మధ్య నిలబడ్డాడు.

ఆ గదిలో రుజువు కావలసింది ఏదీ మిగల్లేదు. కానీ రుజువైందని ఎవరో ఒకరు చెప్పకుండా చెప్పాలి. గౌరవ కార్యదర్శి అనేవాడు ఉండేది అందుకే. నేను లేచాను.

"అధ్యక్షా, చిన్న మనవి. మా పెళ్లికి మా బావమరిది పింగాణీ టీ సెట్టు ఇచ్చాడు. ముప్పై నాలుగేళ్లయింది. హాల్లో షోకేసులో ఉంది. ఒక్కరోజు కూడా అందులో టీ తాగలేదు. మేం రోజూ తాగేది పిడి విరిగిన కప్పుల్లో."

"మాదీ అంతే," అన్నాడు గంగిరెడ్డి వెంటనే. "మా ఇంట్లో వెండి కంచం ఉండాది. తినేది స్టీలు పళ్లెంలో."

"ఎవరింట్లోనైనా అంతే," అన్నారు నాలుగైదుగురు. ఒకాయన తన ఇంట్లో కొత్త పరుపుకు పదేళ్లుగా ప్లాస్టిక్ కవరు తీయలేదని గర్వంగా చెప్పాడు.

"అదే నా మనవి," అన్నాను. "అన్నిటికన్నా మంచివి వాడుకకు తీయడం మర్యాద కాదు. ముఖం కనిపించేంత మంచి డొప్పలను మనం తుపాకీలో పెట్టి పాడు చేస్తున్నాం. వాటిని అద్దాల బీరువాలో పెడదాం. రోజువారీ వాడకానికి, పోటీలకు, ఆ మచ్చలవి సరిపోతాయి. వాటిని చూసుకోవడానికి దస్తగిరి సరిపోతాడు."

అధ్యక్షులవారి ముఖం మీదికి రక్తం తిరిగొచ్చింది. "నేను మొదటినుంచీ చెబుతున్నది అదే. శ్రేష్ఠమైనవాటిని పరిరక్షించాలి," అన్నారు.

"మరి ధ్వంసం కాగితం?" అని ఎవరో అడిగారు.

కాగితం తెప్పించి చదివాను. నూట పన్నెండు డొప్పలు ధ్వంసం చేయడమైనది అని ఉంది. ఏ డొప్పలన్నది లేదు. అలసట వల్ల వదిలేసిన మాట ఒక్కొక్కసారి ఎంత పని చేస్తుందో నాకు ముప్పై మూడేళ్ల సర్వీసులో తెలుసు. దస్తగిరి ఆ సాయంత్రమే మెరిసేవాటిలోంచి నూట పన్నెండు తీసుకుని, వరండాలో కూర్చుని, ఒక్కొక్కటీ ఒక్కొక్క దెబ్బకు చదును చేశాడు. ఒక్క దెబ్బా వేలికి తగల్లేదు. కాగితం నిజమైంది, తారీకు మాత్రం కొంచెం ముందున్నది.

రాష్ట్ర సంఘానికి వివరణ పంపాం: ధ్వంసమైనవి వేరు, పోటీలో వాడినవి వేరు, శ్రేష్ఠమైనవి భద్రపరచడమైనది. చదువుతుంటే ఎక్కడా ఏమీ అర్థం కాకుండా వచ్చింది. పరిశీలకుడు సంతృప్తి చెందాడు. ఎంపిక ఖాయమైంది. పిన్నీసును కవర్లోంచి తీసి దస్తగిరికి ఇచ్చాం. రసీదులో దాన్ని "అంతర్గత పరీక్షా సాధనం" అని రాశాను.

మిగిలిన డెబ్బై అయిదున్నర డొప్పలూ ఇప్పుడు హాల్లో అద్దాల బీరువాలో, ఎర్ర మఖమలు మీద, లైటు కింద ఉన్నాయి. సగండొప్పను మధ్యలో నిలబెట్టాం. కొత్త సభ్యులు వాటి ముందు ఆగి జుట్టు సర్దుకుంటారు. తాళంచెవి అధ్యక్షులవారి దగ్గర ఉంటుంది.

మూడు నెలలకు చౌడేశ్వరి ఖాకీ బట్టల్లో, మైసూరుపాకు డబ్బాతో వచ్చింది. దస్తగిరికి రెండు ముక్కలిచ్చి, మిగతాది మాకు పంచింది. అధ్యక్షులు ఆమెను బీరువా దగ్గరికి తీసుకెళ్లి, సంతోషం పట్టలేక, "క్లబ్బు వార్షికోత్సవం రోజున వీటిలో ఒకదానితో తొలి తూటా మీరే కాల్చాలి," అన్నారు.

ఆమె అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"ఇంత మంచివి నాకెందుకు సార్," అంది. "ఉండనీండి. మీబోటి పెద్దోళ్లు కాల్చేదానికి ఏదన్నా మంచి సందర్భం వస్తాది గదా."

ఎంత ఒద్దికైన పిల్ల అని అధ్యక్షులు ఆ సాయంత్రమంతా అందరికీ చెప్పారు.